పసుపూ సున్నమూ కలిసినప్పుడు

రెండేళ్ళ కిందట ఉగాదికి నాలుగు రోజుల ముందు, తిరుపతిలో మేము అద్దెకుంటున్న ఇంటి మిద్దె మీది పిట్టగోడకు సున్నం కొట్టాను. గోడ ఆరీ ఆరకముందే, తెల్లటి గోడకు అడుగున పచ్చటి అంచు ఉంటే బాగుంటుందనిపించి, పసుపును నీళ్ళలో కలిపి గుడ్డపీలికతో వరుసగా దిద్దడం మొదలుపెట్టాను. దిద్దిన గీత నా కళ్ళ ముందే ఎర్రబడింది. నిమ్మపండు రంగులో ఉండవలసినది ఇటుక రంగుకు తిరిగింది. గోడకు పాత రంగేదో అంటుకొని ఉందేమోనని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ దిద్దాను, మళ్ళీ ఎర్రబడింది. ఫోనులో అమ్మకు చెబితే నవ్వి, "ఆరతి నీళ్ళు నువ్వెప్పుడూ కలపలేదా? పసుపులో సున్నం పడితే ఏమవుతుందో తెలియనిదానివి సున్నం కొట్టేదానికి ఎందుకు ఎక్కినావు?" అంది.

ఆమె అన్నది నిజమే. పెళ్ళిళ్ళలోనూ బారసాలలలోనూ ఎన్ని ఆరతి పళ్ళేలు చూశానో లెక్క లేదు. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుందని, పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ళ చుక్క వేసి చూపించిన బడి పాఠం కూడా గుర్తుంది. తెలిసిన రెండు సంగతులు చేతిలో కలిసినప్పుడు మాత్రం పోల్చుకోలేకపోయాను. చివరికి తుడవడం మానేసి, ఆ ఎరుపునే గోడ చుట్టూ పూర్తి చేశాను. పచ్చ అంచుకంటే అదే బాగుంది.

ఆ ఎర్రనీళ్ళకు మన భాషలో వసంతమని పేరు. ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో ఆ నీళ్ళను ఒకరి మీద ఒకరు చల్లుకోవడాన్ని వసంతాలాడటం అంటారు. అంటే మనకు వసంతం చెట్ల మీద ఎదురుచూసే ఋతువు మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న రెండు వస్తువులను చేత్తో కలిపితే తయారయ్యేది కూడా. అందులో ఒకటి గడపకు రాసేది, మరొకటి గోడకు కొట్టేది. మా తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వసంతానికి ఇల్లు అలంకరించడమంటే రాబోయే ఎండకు ఇంటిని సిద్ధం చేయడమేననీ, ఆ పనికి ఏ విధంగానూ సాయపడని వస్తువు ఎంత అందంగా ఉన్నా ఈ ఋతువులో గుమ్మానికి తగదనీ నా వాదన. ఈ మాట అంటే ఇంటికి వచ్చినవాళ్ళు కొందరు నొచ్చుకుంటారని తెలిసే రాస్తున్నాను.

వసంతానికి ఇల్లు ఎలా తీర్చిదిద్దుకోవాలో ఫోనులో వెతికితే వచ్చే బొమ్మలన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. లేత రంగులు పూసిన కోడిగుడ్లు, గాజు కూజాలో తులిప్ పూలు, ఎండుతీగ చుట్టి తలుపుకు తగిలించిన వలయం, కిటికీ పక్కన తెల్లటి ఉన్ని దుప్పటి. నాలుగైదు నెలలు కిటికీలు మూసుకొని, ఆకు లేని చెట్లను చూస్తూ గడిపే దేశాలవాళ్ళకు ఆ అలంకరణలో అర్థముంది. మొదటి పువ్వును లోపలికి తెచ్చుకోవడం వాళ్ళకు ఊపిరి తీసుకోవడంలాంటిది. మనకు ఆ కొరత లేదు. మాఘంలోనే మామిడి పూత కమ్ముకుంటుంది, ఫాల్గుణంలో కానుగ చెట్టు ఆకులు రాల్చి వారం తిరగకుండా మెరిసే కొత్త ఆకు వేస్తుంది, రావిచెట్టు రాగి రంగుకు తిరుగుతుంది. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని పంచాంగం చెబుతుంది గానీ, ఆ వైశాఖంలోనే మాకు ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటిపోతుంది. తమిళం కలిసిన మా మాటలో కత్తిరి అనే ఎండలు మే మొదటి వారంలోనే మొదలవుతాయి. అంటే మా వసంతంలో సగం నడివేసవే. చలి పోయిందని సంబరపడేంత చలి మాకు ముందే లేదు, అందుకే మా ఇళ్ళకు ఈ ఋతువు తెచ్చేది ఒక హెచ్చరిక.

ఈ మాట నా సొంత ఊహ కాదనడానికి కొండ మీది ఉత్సవమే సాక్ష్యం. తిరుమలలో చైత్ర పౌర్ణమికి ముగిసేట్టుగా మూడు రోజులు వసంతోత్సవం జరుగుతుంది. వసంత మండపాన్ని పచ్చని కొమ్మలతో తోటలా తీర్చి, ఉత్సవమూర్తులకు పాలు, పెరుగు, కొబ్బరినీళ్ళు, పసుపు, చందనాలతో స్నపన తిరుమంజనం, అంటే అభిషేకం, చేస్తారు. ఎండ తాపం నుంచి స్వామిని సేదతీర్చేది కాబట్టి దీనికి ఉపశమనోత్సవమని మరో పేరు ఉంది. వసంతమన్న పేరుతో జరిగే ఉత్సవానికి ఉద్దేశం చల్లబరచడమే కావడం మా ప్రాంతపు వాతావరణం చేసిన నిర్ణయమని నాకు అనిపిస్తుంది. అంతకుముందే, ఉగాదికి ముందు వచ్చే మంగళవారం, ఆలయంలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఇలా ఏడాదికి నాలుగు సార్లు జరిగే శుద్ధి అది. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, గోడలూ పైకప్పులూ పూజాసామగ్రీ కడిగి, తరువాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన పరిమళ జలాన్ని ఆలయమంతటా ప్రోక్షిస్తారు. పూలు తరువాతే వస్తాయి. ముందు కడగడం, ఆపైన గోడకు వాసన పట్టించడం, చివరన కంటికి కనిపించే అలంకారం అన్న ఈ వరుసను నేను ఇంట్లో కూడా పాటిస్తాను. బూజు దులిపి, నేల కడిగి, చివరి బకెట్టు నీళ్ళలో కాస్త పసుపు, గంధం పొడి, చిటికెడు పచ్చకర్పూరం కలిపి గుమ్మాల దగ్గరా కిటికీ చట్రాల మీదా చల్లుతాను. ఒక్క రూపాయి అలంకరణ సామాను కొనకుండానే ఇంటికి పండగ వచ్చినట్టు ముక్కుకు తెలిసిపోతుంది.

ఇక సున్నం సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే మేము మరిచిపోయిన అలంకరణలలో అన్నిటికంటే ఉపయోగమైనది ఇదే. చిత్తూరు దగ్గర మా ఊరిలో మా నాయన ప్రతి ఏడూ ఫాల్గుణం చివరలో సున్నపురాళ్ళు తెచ్చి, మట్టి తొట్టిలో వేసి నీళ్ళు పోసేవాడు. రాళ్ళు బుసబుస పొంగి, నీళ్ళు పొయ్యి మీద పెట్టినట్టు కుతకుత ఉడికేవి. పిల్లలమంతా దూరంగా అరుగు మీద నిలబడి చూడవలసిందే, దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక రాత్రి అలాగే ఉంచి, మరునాడు పాత పంచెలో వడగట్టి, కాస్త ఉప్పు, తుమ్మజిగురు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపి, నార కుంచెతో గోడకు కొట్టేవాడు. గోడను ముందు నీళ్ళతో తడిపేవాడు. పొడి గోడ సున్నంలోని తడిని ఒక్కసారిగా పీల్చేసుకుంటే, ఆ పూత చేత్తో తాకితే పొడిలా రాలిపోతుంది.

నేను చేసిన మొదటి తప్పు అక్కడ కాదు, చిక్కదనంలో. కొట్టినప్పుడు తడి సున్నం గోడ మీద దాదాపు కనిపించదు, నీళ్ళు పూసినట్టే ఉంటుంది. తెలుపు రాలేదని కంగారుపడి చిక్కగా కలిపి దిట్టంగా పూస్తే ఆరిన తరువాత పెచ్చులు లేస్తుంది. పలచటి మజ్జిగలా కలిపి, ఒక పూత ఆరాక మరొకటి చొప్పున మూడు పూతలు వేయాలి. ఆరుతున్న కొద్దీ తెలుపు దానంతట అదే బయటపడుతుంది. ఆ తెలుపు రంగు పూత అనుకుంటాం గానీ, అది రాయి. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. బట్టీలో కాలినప్పుడు ఆ రాయి వదిలిన వాయువునే గోడ మీద తిరిగి తీసుకుంటుంది. తాజా సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల బూజూ పాచీ అంత తొందరగా పట్టవు. తెల్లటి పైపూత ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి మిద్దె మీద కొడితే కింది గదిలో తేడా తెలుస్తుంది. అందంగానూ ఉండి, చల్లగానూ ఉంచి, ఇంటివాళ్ళు తమ చేతులతో చేసుకోగలిగిన పనులు ఎన్ని ఉన్నాయి చెప్పండి.

అయితే ఈ పని అన్ని గోడలకూ కుదరదు. ఎమల్షన్ పెయింటు పూసిన గోడ మీద సున్నం నిలవదు. సిమెంటు పూత మీదనో, ఇటుక మీదనో, పాత సున్నం మీదనో మాత్రమే పడుతుంది. గదుల గోడలను ముట్టుకోనివ్వని మా ఇంటి యజమాని, గరుకు సిమెంటుతో వదిలేసిన పిట్టగోడ కాబట్టి మిద్దె మీద మాత్రం ఒప్పుకున్నాడు. కంట్లో సున్నం చుక్క పడితే ప్రమాదం కాబట్టి కళ్ళద్దాలు లేకుండా కుంచె పట్టుకోకూడదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. మా నాయన ఇంట్లో మరే విషయంలోనూ అంత గట్టిగా మాట్లాడేవాడు కాడు.

ఎర్ర అంచు విషయంలో ఇంకొక సంగతి తెలిసింది. కుర్కుమిన్ వెలుగును తట్టుకోలేదు. ఉగాది నాటికి ఇటుకలా ఉన్న గీత శ్రీరామనవమికి కొంచెం పాలిపోయి, చిత్రా పౌర్ణమి దాటాక గోధుమ రంగుకు దిగి, కత్తిరి మొదలయ్యేసరికి ఎండ పడే చోటల్లా వెలిసిపోయింది. నేను ఎర్రమన్ను వాడి ఉంటే ఏడాదంతా నిలిచేది. మా ఊరిలో అరుగులకు, గోడల అడుగుకు ఎర్రమన్నే అలికేవాళ్ళు. కానీ ఆ ఏడాది నుంచి నేను కావాలనే పసుపుతో దిద్దుతున్నాను. ఎండ ముదిరిందనే మాట నాకు ఆ గీతే చెబుతుంది.

మామిడాకు తోరణం గురించి అందరికీ తెలుసు కాబట్టి చేసే పద్ధతి క్లుప్తంగానే చెబుతాను. ముదురు ఆకులనే కోయాలి, రాగి రంగు లేతాకులు చూడముచ్చటగా ఉంటాయి గానీ కట్టిన సాయంత్రానికే వడలిపోతాయి. కోసిన ఆకులను తొడిమలు మునిగేట్టు ఒక గంట నీళ్ళలో ఉంచి, ఒకే పరిమాణం ఉన్నవాటిని ఏరి, తొడిమ దగ్గర మడిచి చీపురుపుల్లతో గుచ్చి, పురికొసకు వరుసగా కూర్చాలి. పురికొసకు బదులు తడిపిన అరటినార దొరికితే ఇంకా మంచిది, ముడి జారదు. మధ్య మధ్యలో పూత ఉన్న వేపరెబ్బ ఒకటి చొప్పున చెక్కితే సాయంత్రం పూట గుమ్మం దగ్గర తేనెవంటి సన్నని వాసన వస్తుంది. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి, బేనీషా, నీలం తోటలు ఎకరాలకెకరాలు ఉన్నాయి కాబట్టి ఆకుకు కరువు లేదు. కానీ తిరుపతిలో పండగ ముందురోజు గుప్పెడు ఆకులను ఇరవై రూపాయలకు కొంటున్నప్పుడు మా అవ్వ బతికి ఉంటే ఏమనేదోనని ప్రతిసారీ అనుకుంటాను. పూతకొమ్మనూ పిందెకొమ్మనూ విరిచి కూజాలో పెట్టే కొత్త వేడుకను మాత్రం నేను ఒప్పుకోలేను. ఒక్కో పూతగుత్తిలో వందలకొద్దీ పూలు ఉన్నా కాయగా నిలిచేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. కౌలు కట్టిన రైతుకు ఆ కొమ్మ అలంకరణ వస్తువు కాదు. గాలికి రాలిన పిందెలను పళ్ళెంలో పోసి పెట్టుకుంటే చాలు, సాయంత్రానికి ఉప్పూ కారమూ వేసి పిల్లలే ఖాళీ చేస్తారు.

తోరణం దగ్గర ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఉగాది వస్తే చాలు, మామిడాకులు గుమ్మానికి కడితే ఇంట్లోకి ప్రాణవాయువు ప్రసరిస్తుందనీ, మన పెద్దలు ఆ శాస్త్రం ఎరిగే ఇలా పెట్టారనీ ఫోన్లలో సందేశాలు తిరుగుతాయి. చెట్టు నుంచి తెంపిన ఆకుకు వేరు నుంచి నీరు అందదు, నీరు తగ్గగానే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, కిరణజన్య సంయోగక్రియ పడిపోతుంది. పదిహేను ఆకులు ఒక ఇంటి గాలిని మార్చలేవు. నాకు బాధ కలిగించేది ఆ సందేశంలోని తప్పు కంటే దాని వెనుక ఉన్న బెరుకు. పచ్చటి ఆకును గుమ్మానికి కట్టుకోవడానికి కారణం కావాలా? ఎండలో నడిచి వచ్చినవాడి కళ్ళకు ముందుగా పచ్చదనం తగులుతుంది, అది వడలినప్పుడు పండగ అయిపోయిందని ఇంటికి తెలుస్తుంది. ఈ రెండూ కంటికి కనిపించే నిజాలు, వీటికి ప్రయోగశాల సాక్ష్యం అక్కరలేదు.

వేపపూతది మరొక చిక్కు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19కే వచ్చేసింది. చాంద్రమానం మూడు వారాలు ముందుకో వెనక్కో జరగవచ్చు, వేపచెట్టు మాత్రం తన లెక్కన తాను పూస్తుంది. తొందరగా వచ్చిన ఉగాదికి పచ్చడిలోకి నాలుగు రేకులు దొరకడమే గగనమైన ఏడాది, గుమ్మానికి కట్టడానికి పూత ఎక్కడిది? అప్పుడు ఇంటి అలంకరణను ఒక్కరోజుతో ముగించకుండా చెట్టును బట్టి జరుపుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఉగాదికి ఆకు, శ్రీరామనవమికి పూత. పూత రాలే రోజులలో చెట్టు కింద రాత్రి పాత దుప్పటి పరిచి ఉంచితే తెల్లవారేసరికి మంచు రంగులో పూలు నిండుతాయి. కొన్నిటిని దారానికి గుచ్చుతాం, ఎక్కువ భాగం నీడన ఎండబెట్టి సీసాలో దాస్తాం. ఏడాదంతా చారులోకి పనికివస్తుంది. అలంకరణ మిగులు చారులోకి వెళ్ళడం ఏ దుకాణం సరుకుతోనూ సాధ్యం కాదు.

ముగ్గు విషయంలో నాకు మొండిపట్టు ఎక్కువ. ఇప్పుడు మనం సంచులలో కొనే ముగ్గుపిండిలో పిండి ఏమీ ఉండదు, అది రాతిపొడి. చీమలకు ఆహారం పెట్టడానికే మన పెద్దలు ముగ్గులు కనిపెట్టారని చెప్పుకుంటూ చీమ వాసన కూడా చూడని పొడితో ముగ్గులు వేస్తున్నాం. పండగ రోజులలో నేను బియ్యంతోనే వేస్తాను. పిడికెడు నూకలను రెండు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలలా పలచన చేసి, చిన్న గుడ్డముక్కను అందులో ముంచి, ఉంగరపు వేలి మీదుగా పిండుతూ గీత లాగాలి. తమిళనాటి సరిహద్దు కాబట్టి మా వైపు చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గులు బాగా వేస్తారు. తడిపిండికి ఆ మెలికలే సరిపోతాయి, చెయ్యి ఎత్తకుండా పోవచ్చు. వేసినప్పుడు లేత నీటిచారలా ఉండి, ఆరిన కొద్దీ తెల్లబడుతుంది. అవును, సున్నం లాగే. నున్నటి గ్రానైటు మీద ఎండిన పిండి రెండు రోజులకే అట్టుకట్టి లేస్తుంది, గరుకు నేల మీద వారం దాకా ఉంటుంది. చుట్టూ ఎర్రమన్ను పట్టీ ఉంటే దాని తెలుపు మరింత తేలుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి చీమలు బారు కట్టి ముగ్గు మూలలను కొరికేస్తాయి. పిచ్చుకలు వస్తాయని మాత్రం చెప్పను, మా వీధిలో నేను చూసి చాలా ఏళ్ళయింది.

గుమ్మానికి తెరలు మార్చడం కూడా ఈ ఋతువు పనే. చలికాలపు మందపు తెరలు చైత్రంలో కూడా వేలాడుతూ ఉంటే మిగతా అలంకరణ అంతా వృథా, ఎందుకంటే సాయంత్రపు గాలి లోపలికి రావాలంటే పలచటి నూలుబట్టే కావాలి. మాకు గంట ప్రయాణంలో శ్రీకాళహస్తి ఉంది, కలంకారీకి పేరుమోసిన ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మా అమ్మ ఊరు చిత్తూరు జిల్లాలో మిగిలింది, నేనూ కాళహస్తీ తిరుపతి జిల్లాకు వచ్చాం. ఆ సంబంధంతో కాదు గానీ, అక్కడి పద్ధతిలో ఒక చిన్న భాగాన్ని ఇంట్లో ప్రయత్నించాను. వాళ్ళు నూలుబట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు ఉండబట్టి రంగు అలుక్కుపోదు. బెల్లమూ తుప్పు పట్టిన ఇనుపముక్కలూ నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టి, ఆ నీటిని వెదురుకలంతో బట్ట మీద గీస్తే, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. మా ఆయన పాత పంచె ఒకటి, గుప్పెడు తుప్పు మేకులు, అర్ధపావు బెల్లం, ఇంతే నా ఖర్చు. గీసినప్పుడు బూడిద రంగులో ఉన్న మామిడి రెమ్మ కాసేపటికి కాటుకలా తేలింది. రెమ్మ రెమ్మలా ఉందా అంటే లేదు, మా అబ్బాయి దాన్ని మునక్కాడ అన్నాడు. బట్ట నుంచి పాలవాసన పోవడానికి మూడు సార్లు ఉతకవలసి వచ్చింది. అయినా ఆ తెరే ఇప్పుడు పడమటి గుమ్మానికి ఉంది, నడిమధ్యాహ్నం దాని మీద నీళ్ళు చిలకరిస్తే లోపలికి వచ్చే గాలి చల్లబడుతుంది. దీనికే వట్టివేరు చేర్చుకోవచ్చు. పూజాసామాన్ల అంగళ్ళలో దొరికే వేళ్ళను రెండు పురికొసల మధ్య జడలా అల్లి కిటికీకి కట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడిపితే గది నిండా తడిమట్టి వాసన వస్తుంది. వాన పడేదాకా అది అలాగే పని చేస్తుంది.

ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి మల్లెలూ నందివర్ధనాలూ తేలవేయడం అందరూ చేసేదే. నీళ్ళు ఏ రోజుకారోజు మార్చాలన్న ఒక్క మాట తప్ప నేను చేర్చేది లేదు. నిలవ ఉన్న మంచినీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో రెక్కలు వచ్చేస్తాయి.

ఇప్పుడు అవతలి పక్షం. మా పక్కింటావిడ మూడేళ్ళ కిందట ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఒకటి కొనుక్కొచ్చి కట్టింది. నా ధోరణి విని ఒకరోజు, "ఏడాదంతా ఉంటుంది కదక్కా, దుమ్ము పడితే ఉతుక్కుంటే సరి. పొద్దున ఆరు గంటలకు పనికి పోయేదాన్ని, నేనెక్కడ గుచ్చుతా కూచోను?" అంది. ఆమెకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంట్లో చేసుకునే అలంకరణలని మనం మురిసిపోయేవాటిలో చాలాభాగం ఆడవాళ్ళ నిద్రను కోసి చేసినవే. మా అమ్మ ఉగాది ముందురోజు అర్ధరాత్రి దాకా అరుగులు అలికి, తెల్లవారుజామున ముగ్గు వేసి, ఆపైన భక్ష్యాలు చేసేది. పండగనాడు మధ్యాహ్నం ఆమె ఎప్పుడూ నిద్రపోతూనే ఉండేది, మేము దాన్ని పండగలో భాగమనుకునేవాళ్ళం. అలాంటి ఇంటిలోకి ప్లాస్టిక్ తోరణం సోమరితనంగా రాలేదు, విశ్రాంతిగా వచ్చింది.

అందువల్ల అన్నీ చేయాలని నేను అనను. రెండు పనులు ఎంచుకోండి, ఆ రెండింటిలో ఒకటి మగవాళ్ళకు అప్పజెప్పండి. సున్నం కొట్టడం మా ఊళ్ళో ఎప్పుడూ మగవాళ్ళ పనే, గోడలకు పెయింటు వచ్చాక వాళ్ళ వంతు మాత్రం పోయి ఆడవాళ్ళ వంతు అలాగే మిగిలింది. మా ఇంట్లో ఆకులు గుచ్చేది మా ఆయన, బియ్యం రుబ్బేది మా అబ్బాయి. తోరణంలో ఆకులు హెచ్చుతగ్గులుగా ఉన్నాయని నేను నోరెత్తను. ఎత్తితే మరుసటి ఏడు ఆ పని నా దగ్గరికే తిరిగి వస్తుందని నాకు తెలుసు.

ఏడాదంతా ఉంటుందన్న మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. ఏడాదంతా ఉండేది ఋతువుకు గుర్తు ఎలా అవుతుంది? శ్రావణంలోనూ మార్గశిరంలోనూ అదే తోరణం కింద నడిచి వెళ్ళినవాడికి చైత్రంలో తల ఎత్తి చూడవలసిన పని ఏముంది? పైగా నిలుస్తుందన్నది కూడా పూర్తి నిజం కాదు. మా ఎండకు ఆ ప్లాస్టిక్ ఆకులు రెండు వేసవులలో నీలం తిరిగి పెళుసుబారి, చివరలు విరిగి వాకిట్లో పడతాయి. మామిడాకు రాలితే ఎరువు అవుతుంది, ఇది రాలితే కాలువలో చిక్కుకుంటుంది. అలంకరణకు వాడే థర్మకోలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధపు జాబితాలో ఉన్నా, ప్లాస్టిక్ పూలకు ఆ జాబితాలో చోటు దొరకలేదు. నిషేధం వచ్చేదాకా ఆగడం కంటే, కొనేముందు ఈ వస్తువు నా ఇంటిని చల్లబరుస్తుందా, వాసన ఇస్తుందా, నీడ ఇస్తుందా, కనీసం చీమకైనా పనికివస్తుందా అని అడిగి చూసుకోవడం నాకు అలవాటైంది. దేనికీ అవును అనలేని వస్తువు ఎంత చవకైనా తేను.

ఈ ఏడాది ఉగాది ముందురోజు సాయంత్రం పక్కింటావిడ వచ్చి, మా దగ్గర మిగిలిన మామిడాకులు అడిగి తీసుకెళ్ళింది. మరునాడు చూస్తే ఏడెనిమిది ఆకులు గుచ్చి ప్లాస్టిక్ తోరణానికి కిందుగా కట్టి ఉన్నాయి. నిన్న మిద్దె మీదికి పోతూ చూశాను. కింది వరుస ముడుచుకుపోయి గలగలమంటోంది, పై వరుసలో రెండు ఆకులకు చివరలు లేవు. ఆమె గుమ్మంలో స్టూలు వేసుకొని నిలబడి పైకి చూస్తోంది, చేతిలో కత్తెర ఉంది. నేను సున్నం తొట్టి పట్టుకొని అలాగే మెట్లెక్కి వెళ్ళాను. పిట్టగోడకు పడమటి వైపు ఎరుపు పూర్తిగా పోయింది, తూర్పున నీళ్ళ ట్యాంకు నీడ పడేచోట మాత్రం మూడు అడుగుల మేర ఇంకా ఉంది.